కరోనా వార్డులో మా బట్టలు, మా డ్యూటీలు: ఐసీయూలో చేరబోతున్న కొత్త సిస్టర్‌కి

జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తయింది, హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆస్పత్రి ఐసీయూలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి, కానీ అమ్మ కరోనా రోజులు గుర్తుచేసుకుని వద్దంటోంది, మళ్ళీ అలాంటిదేమైనా వస్తే ఆ పీపీఈ కిట్లలో ఎలా ఉంటాం, యూనిఫాం సంగతేంటి, డ్యూటీ అయ్యాక ఇంటికి ఎలా వస్తాం అని అడిగావు. నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకమ్మా, మా అక్క కూతురిది నీ వయసే. నేను నర్సుగా చేరి పదిహేడేళ్ళు దాటింది. 2020 మార్చి నుంచి 2021 ఆగస్టు దాకా సికింద్రాబాద్ వైపు ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో కోవిడ్ ఐసీయూలో చేశాను, మొదట స్టాఫ్ నర్సుగా, తర్వాత ఇన్‌చార్జిగా.

సూటిగా చెప్తాను, చేరు. ఐసీయూలో మొదటి రెండేళ్ళలో వచ్చేంత పని ఇంకెక్కడా రాదు. అలాగని మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకు, ఆవిడ టీవీలో చూసింది అబద్ధం కాదు. ఆ తెల్ల సూటే మమ్మల్ని కాపాడిందని చాలామంది అనుకుంటారు. పద్దెనిమిది నెలలు అందులో ఉడికిన మనిషిగా చెప్తున్నాను, మమ్మల్ని ఎక్కువగా కాపాడింది ముఖానికి సరిగ్గా అతుక్కున్న మాస్క్, తర్వాత కిట్ విప్పేటప్పుడు తొందరపడకపోవడం. సూట్ సంగతి ఆ తర్వాతే. ఇది మాకు మొదటి రోజు తెలియదు, తెలిసేసరికి కొంతమంది పడకెక్కారు.

ముందు మామూలు యూనిఫాం గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడ అలవాటైన తప్పులే కిట్‌లోకి కూడా వెంట వస్తాయి. నేను చేరినప్పుడు మాకు తెల్ల కోటు, తెల్ల ప్యాంటు, మా సీనియర్లకి తెల్ల చీర. గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుని వెళ్తే ఇన్‌చార్జి సిస్టర్ ముఖం వెలిగిపోయేది. గంజి పెట్టిన బట్ట మీద బెటడిన్ పడితే గోధుమ రంగు మచ్చ కాదు, నల్లటి నీలం మచ్చ పడుతుంది, అందులోని అయోడిన్‌కి గంజి తగిలితే అంతే. విటమిన్ సి మాత్ర నలిపి తడిపి రుద్దితే పోతుంది, ఇది మా హాస్టల్ వంటావిడ నేర్పింది. ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో రంగు స్క్రబ్స్ ఇస్తున్నారు, నీలం, మెరూన్, ఆకుపచ్చ. రంగు ఏదైనా సరే, కనీసం నాలుగు జతలు ఉంచుకో, రెండు జతలతో వర్షాకాలంలో ఆరవు. చేతులు మోచేతి పైకి ఉండేలా కుట్టించుకో. మోచేతి కింద ఏమీ ఉండకూడదు, గాజులు, వాచీ, దారాలు, ఉంగరాలు ఏవీ. ఉంగరం గ్లౌజ్‌ని చింపుతుంది, దాని కింద చెయ్యి సరిగ్గా కడగబడదు. చేతులు కడుక్కోవడం నీకు చదువులో చెప్పే ఉంటారు కానీ మణికట్టు దగ్గర దారం తడిగా ఉండిపోతే ఆ కడుగుడంతా వృథా అని ఎవరూ గట్టిగా చెప్పరు.

మంగళసూత్రం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర పెద్ద చర్చే జరిగింది. పెళ్ళయిన సిస్టర్లు కొందరు తీయబోమన్నారు, ఇంట్లో అత్తగారు ఒప్పుకోరన్నారు. ఎవరినీ బలవంతం చేయకుండా మా ఇన్‌చార్జి ఒక దారి చెప్పింది, గొలుసు లాకర్‌లో పెట్టి పసుపు తాడు స్క్రబ్ లోపల ఉంచుకోండి, ఆ తాడు వారానికోసారి మార్చండి అని. ముక్కుపుడక మాత్రం అందరం తీసేశాం. మాస్క్ దాని మీద నొక్కుకుని గంటకే పుండు పడేది.

ఇక 2020 మార్చి. తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న బయటపడింది, ఆ మనిషిని గాంధీ ఆస్పత్రిలో పెట్టారు. ఆ తర్వాత గాంధీ మొత్తాన్నీ కోవిడ్‌కే కేటాయించారు, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, కింగ్ కోఠి, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి కూడా ఆ పనిలోకి దిగాయి, గచ్చిబౌలిలో స్పోర్ట్స్ విలేజ్ బిల్డింగ్‌ని టిమ్స్ అనే కోవిడ్ ఆస్పత్రిగా మార్చారు. మా లాంటి ప్రైవేట్ వాళ్ళకి మొదట్లో అనుమానం కేసులే వచ్చేవి, కానీ మా దగ్గర కవరాల్స్, అంటే ఒళ్ళంతా మూసే ఆ తెల్ల సూట్లు, లేవు. మన దేశంలో అప్పటిదాకా అవి తయారు చేసేవాళ్ళు దాదాపు లేరు. ఆపరేషన్ థియేటర్ గౌన్లు వేసుకున్నాం, స్టోర్‌లో మూలకి పడున్న హెచ్ఐవీ కిట్లు తీసి వేసుకున్నాం. మే నెలకల్లా దేశంలో రోజుకి 4 లక్షలకు పైగా కవరాల్స్ తయారయ్యే స్థితి వచ్చింది, రెండు నెలల్లో అంత మార్పు నేను ఇంకే విషయంలోనూ చూడలేదు. కోయంబత్తూరులోని సిట్రా అనే జౌళి పరిశోధన సంస్థ ల్యాబ్‌లో కృత్రిమ రక్తం పోసి బట్టలోంచి లోపలికి దిగుతుందో లేదో పరీక్ష చేసి పాస్ చేసేవాళ్ళు. కానీ ఆ కొత్తల్లో మాకొచ్చిన కొన్ని లాట్లు వంగితే తొడల దగ్గర పర్రుమని చినిగేవి. అన్నీ ఎక్స్‌ఎల్ సైజే. మాలో సగం మంది అయిదడుగుల మనుషులం, కాళ్ళ దగ్గర మడతపెట్టి టేపు వేసుకుని నడిచేవాళ్ళం, ఒక సిస్టర్ ట్రాలీ పక్కన అలాగే కాలు తట్టుకుని పడిపోయింది. కిట్ ఇచ్చేటప్పుడు సైజు అడగడానికి మొహమాటపడకు. పెద్ద సూట్ సౌకర్యమేమీ కాదు, విప్పేటప్పుడు ఆ వదులు బట్టంతా నీ మీదే వచ్చి పడుతుంది.

అసలు నన్నడిగితే అంత సూట్ అవసరం కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌కి చెప్పింది పొడుగు చేతుల గౌను, గ్లౌజులు, మాస్క్, కళ్ళకి గాగుల్స్ లేదా ముఖానికి షీల్డ్, అంతే. తల నుంచి కాళ్ళ దాకా మూసే కవరాల్, రెండు జతల గ్లౌజులు తప్పనిసరి అని అనలేదు. మేమేమో మణికట్ల చుట్టూ, చీలమండల చుట్టూ ప్లాస్టర్లు చుట్టుకునేవాళ్ళం, ఎంత చుడితే అంత ధైర్యం. ఆ ప్లాస్టర్ పీకేటప్పుడు సూట్ చినిగి మురికి పైభాగం చర్మానికి తగిలేది. ఈ వైరస్ ఎక్కువగా గాలిలోంచి ముక్కులోకే వెళ్తుందని తర్వాత అందరికీ అర్థమైంది, అంటే కాలి కవరు కంటే కిటికీ ముఖ్యం, మాస్క్ ఇంకా ముఖ్యం. మళ్ళీ వచ్చే జబ్బు ఎలాంటిదో దాన్ని బట్టి కిట్ మారుతుంది, ఎబోలా లాంటిదైతే లెక్క వేరు, అక్కడ రక్తం, వాంతి, ఒంటి స్రావాలే ప్రమాదం. అందుకే "కిట్ ఇచ్చారా" అని కాదు, "ఈ జబ్బు ఎటు నుంచి అంటుకుంటుంది, దానికి ఏం ఇచ్చారు" అని అడగాలి.

మాస్క్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, విసుక్కోకు. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపేది. మధ్య పొరలో సన్నటి పాలీప్రొపిలీన్ పోగులుంటాయి, వాటికి స్థిర విద్యుత్తు ఉంటుంది, రేణువులు అక్కడ ఇరుక్కోవడమే కాదు, అతుక్కుంటాయి కూడా. ఉతికితే ఆ విద్యుత్తు పోతుంది. శానిటైజర్ కొట్టినా పోతుంది. మొదటి రెండు వారాలు మేము చేసిన పని అదే, ప్రతి రౌండ్ తర్వాత మాస్క్ మీద శానిటైజర్ కొట్టుకున్నాం, జాగ్రత్తగా ఉన్నామనుకున్నాం. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ చూసి కేకలేసే దాకా ఆపలేదు. తర్వాత మాస్కులు తక్కువగా ఉన్న రోజుల్లో ఒక్కొక్కరికి అయిదు ఇచ్చారు, ఒక్కోటి ఒక్కో కాగితం కవర్లో పెట్టి మీద పేరు, రోజు రాసి, వరసగా తిప్పుకుంటూ వాడాం. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమట ఆరదు, కాగితం కవరే వాడాలి.

వేసుకున్నాక రెండు అరచేతులతో చుట్టూ మూసి గట్టిగా ఊపిరి వదులు. కళ్ళ వైపు గాలి తగిలిందంటే ముక్కు దగ్గర సందు ఉన్నట్టే. గట్టిగా పీల్చు, మాస్క్ లోపలికి ముడుచుకోవాలి. గాగుల్స్‌కి ఆవిరి పట్టేస్తోందని అందరూ సబ్బు రాసుకునేవాళ్ళు, ఆ చిట్కా పనిచేస్తుంది నిజమే, కానీ చాలాసార్లు ఆ ఆవిరి నీ మాస్క్ పైనుంచి గాలి కారుతోందని చెప్పే గుర్తు. సబ్బు రాసే ముందు మాస్క్ సర్దుకో. తల వెనక రెండు పట్టీలు ఉండే రకం చెవులకి తగిలించుకునే దానికంటే గట్టిగా పడుతుంది. పై పట్టీ నడినెత్తి మీద, కింది పట్టీ మెడ మీద, రెండూ ఒకేచోట వేయకు. మాస్క్ కింద వాజిలిన్ లాంటివి రాస్తే జారిపోతుంది, రాయాలంటే అరగంట ముందు రాసి తుడుచుకో.

ఇక విప్పడం. వేసుకునేటప్పుడు అందరికీ ఓపిక ఉంటుంది, అద్దం ముందు నిలబడి ఒకరికొకరు సర్దుతారు, ఫోటోలు కూడా దిగుతారు. ఆరు గంటలయ్యాక తల పగిలిపోతుంటుంది, మూత్రం ఆగదు, నాలుక అంగిటికి అతుక్కుపోతుంది, మనసంతా బయటికి పరిగెత్తాలని ఉంటుంది, అప్పుడే ప్రమాదం. మేము చేసే వరస ఇది. పై గ్లౌజులు ముందు, చెయ్యి శుభ్రం, తర్వాత షీల్డ్ వెనకపట్టీ పట్టుకుని ముందుకి వంగి తీయాలి, చెయ్యి శుభ్రం, తర్వాత సూట్ జిప్పు, లోపలి వైపు మాత్రమే ముట్టుకుంటూ భుజాల నుంచి కిందికి చుట్టుకుంటూ పోవాలి, మురికి పైభాగం మొత్తం చుట్టలోపలికి వెళ్ళిపోవాలి, షూ కవర్లు కూడా అందులోనే, చెయ్యి శుభ్రం, గాగుల్స్ వెనక పట్టీతో, చెయ్యి శుభ్రం, లోపలి గ్లౌజులు, చెయ్యి శుభ్రం. మాస్క్ అన్నిటికంటే ఆఖర్న, ఆ గదిలోంచి బయటికొచ్చి తలుపు మూసుకున్నాక, కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత, ముందు భాగం ముట్టుకోకుండా. మళ్ళీ చేతులు. మీ ఆస్పత్రిలో వరస కొంచెం తేడాగా ఉండొచ్చు, గోడ మీద అంటించింది చూసి అదే చెయ్యి, కానీ మాస్క్ ఆఖర్న, ప్రతి మెట్టుకీ చెయ్యి శుభ్రం, ఇవి ఎక్కడా మారవు.

ఎదురుగా ఒక మనిషి నిలబడి వరస పైకి చదవాలి. మా దగ్గర దానికి ప్రత్యేకంగా మనిషి ఉండేవాళ్ళు కాదు, ఒక షిఫ్ట్‌లో ఇద్దరేసి జతగా పెట్టుకున్నాం. జూన్ చివర్లో ఒక రాత్రి, ఒక పేషెంట్‌కి నలభై నిమిషాలు సీపీఆర్ చేశాం, దక్కలేదు. నా జత అమ్మాయి లోపలే ఉండిపోయింది, నేను ఒక్కదాన్నే విప్పే గదిలోకి వచ్చాను. గాగుల్స్ ముందు వైపు పట్టుకుని లాగేశాను, కళ్ళు మండుతున్నాయని మణికట్టుతో తుడుచుకున్నాను. తుడిచాక తెలిసింది ఏం చేశానో. అయిదో రోజు జ్వరం, ఆరో రోజు వాసన పోయింది. అక్కడే అంటుకుందని ఎవరూ రుజువు చేయలేరు, కానీ నా మనసుకి తెలుసు. ఆ తర్వాత ఇన్‌చార్జి అయ్యాక నేను పెట్టిన మొదటి నియమం, ఒంటరిగా ఎవరూ కిట్ విప్పకూడదు, ఎంత ఆలస్యమైనా సరే. పేషెంట్ పోయిన రోజు మరీను.

విప్పినవి ఎందులో వేయాలో కూడా మొదటి రోజే అడిగి తెలుసుకో. కోవిడ్‌కి చెప్పిన పద్ధతిలో మాస్కులు, టోపీలు, షూ కవర్లు, ప్లాస్టిక్ కాని గౌన్లు పసుపు సంచిలో, గాగుల్స్, షీల్డ్, గ్లౌజులు, ప్లాస్టిక్ కవరాల్ ఎర్ర సంచిలో. సంచి నిండాక దాన్ని ఎత్తేది మా ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు. మనం నిర్లక్ష్యంగా పడేసిన గ్లౌజ్ వాళ్ళ చేతికి తగులుతుంది. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు గాంధీలో మొదటి టీకా ఒక పారిశుధ్య కార్మికురాలికే వేశారు, ఆ రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది, ఆ వరస సరైన వరస. హైపో, అంటే నేల, వస్తువులు తుడిచే బ్లీచ్ ద్రావణం గురించి ఒక్క మాట, 5 శాతం సీసా వస్తే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపితే 1 శాతం అవుతుంది, నిన్న కలిపింది ఈరోజు వాడకు, దాని బలం తగ్గిపోతుంది. దాన్ని మనుషుల మీద చల్లకూడదు, మొదట్లో కొన్నిచోట్ల అది కూడా చేశారు.

ఒంటి సంగతి. మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటితే లోపల ఏసీ ఆపేశారు, సెంట్రల్ ఏసీలో ఒక గది గాలి ఇంకో గదికి పోతుందన్న భయంతో. కాటన్ స్క్రబ్ మీద ఆ లామినేటెడ్ బట్ట. రెండు గంటలకి చెమట మోచేతుల నుంచి దిగి గ్లౌజ్ వేళ్ళలో నిలిచేది, విప్పినప్పుడు నీళ్ళు ఒంపినట్టు కారేది. వేళ్ళ చర్మం నానిపోయి తెల్లగా ముడతలు పడేది. ఆ వేళ్ళతో, రెండు గ్లౌజుల మీంచి, మసక గాగుల్స్‌లోంచి, బీపీ పడిపోయిన పెద్దమనిషి చేతిలో నరం వెతకాలి. మామూలుగా నేను ఒక్కసారికే లైన్ పెట్టేదాన్ని, ఆ రోజుల్లో మూడుసార్లు గుచ్చి వాళ్ళకి క్షమాపణ చెప్పుకున్న సందర్భాలు ఉన్నాయి.

నీళ్ళు తాగకుండా వెళ్ళడం గొప్ప అనుకోకు. మాలో చాలామంది డ్యూటీకి రెండు గంటల ముందే నీళ్ళు మానేశారు, యూరిన్ ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకున్నారు, ఒక అమ్మాయి లోపలే కళ్ళు తిరిగి పడిపోయింది. గంట ముందు ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో తాగి, సూట్ ఎక్కే ముందు బాత్రూమ్‌కి వెళ్ళు. నెలసరి రోజుల్లో డైపర్ వేసుకుని వెళ్ళాం, ఇది మాట్లాడటానికి సిగ్గుపడతారు కానీ మాట్లాడాలి. నేను ఇన్‌చార్జి అయ్యాక ఆ రోజుల్లో అడిగిన వాళ్ళకి బయటి పని వేశాను, కారణం అడగకుండా, ఎవరి పేరు కిందా రాయకుండా. కిట్‌లో నాలుగు గంటలకి మించి ఉంచకూడదని గట్టిగా అడిగాం, మనుషులు తక్కువని ఆరుకి ఒప్పించారు, రెండో వేవ్‌లో ఎనిమిది కూడా అయింది. 2020లో రంజాన్ ఏప్రిల్ చివర్లో మొదలై మే నాలుగో వారం దాకా నడిచింది, ఊళ్ళో హలీం బట్టీలు వెలగని రంజాన్. మా దగ్గర ఇద్దరు ముస్లిం సిస్టర్లు రోజా ఉండి కిట్ వేసుకున్నారు. వాళ్ళకి ఇఫ్తార్ వేళకి ముందే బయటికి వచ్చేలా రోస్టర్ మార్చుకున్నాం, ఎవరూ చెప్పకుండానే మిగతావాళ్ళు ఆ గంట తీసుకున్నారు.

లోపల ముఖాలు కనపడవు కదా, అందుకని సూట్ గుండె మీద మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్ళం. పేషెంట్లు మమ్మల్ని పేరుతోనే, గొంతుతోనే గుర్తుపట్టేవాళ్ళు. సిద్దిపేట వైపు ఒక పెద్దాయన ఉండేవాడు, ఆయనకి చూపు ఆనదు, ఇంగ్లిష్ అక్షరాలు రావు. నువ్వెవరు బిడ్డా అని ప్రతిసారీ అడిగేవాడు. మూడో రోజు నుంచి నేను తెలుగులో రాసుకున్నాను, పెద్ద అక్షరాలతో. నన్ను చూసి మిగతావాళ్ళూ తెలుగులో, కొందరు ఉర్దూలో కూడా రాశారు. అంత చిన్న మార్పుకే వార్డు నెమ్మదించింది. మనుషులు సగం భయంతోనే ఆయాసపడతారు, ఎవరు వచ్చి చెయ్యి పట్టుకున్నారో తెలిస్తే ఊపిరి కొంచెం నిదానిస్తుంది. ఇంటివాళ్ళని లోపలికి రానివ్వరు కాబట్టి వార్డు ఫోన్‌లో వీడియో కాల్ చేయించేది మేమే. కొన్ని కాల్స్ ఆఖరి కాల్స్ అని మాకు తెలుసు, వాళ్ళకి తెలియదు. దానికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వరు. ఆ ఫోన్ పట్టుకుని నిలబడినప్పుడు నేను చేసింది ఒక్కటే, తొందర పెట్టలేదు.

నువ్వు అడగలేదు కానీ అన్నిటికంటే కష్టమైన సంగతి ఇది. కిట్ వేసుకోవడానికి కనీసం అయిదారు నిమిషాలు పడుతుంది. ఏప్రిల్ 2021లో, రెండో వేవ్ మొదలైన రోజుల్లో, అద్దం ఇవతల నుంచి చూస్తుంటే నాలుగో బెడ్ అబ్బాయి ఆక్సిజన్ మాస్క్ పీకేసుకున్నాడు, ముప్పై రెండేళ్ళు, మానిటర్‌లో ఆక్సిజన్ శాచురేషన్ తొంభై నుంచి డెబ్బైకి పడిపోతోంది. లోపలున్న ఒక్క సిస్టర్ ఇంకో బెడ్ దగ్గర సక్షన్ చేస్తోంది, అంటే గొంతులో కఫం లాగుతోంది, చెయ్యి వదలడానికి లేదు. నేను మాస్క్ మాత్రమే వేసుకుని ఉన్నాను. తలుపు తీసేశాను. మా నర్సింగ్ సూపరింటెండెంట్ వెనక నుంచి చెయ్యి పట్టి ఆపింది, గౌను తొడిగే దాకా వదల్లేదు. ఆ రెండు నిమిషాలు ఆవిడని ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. అబ్బాయి బతికాడు. కానీ బతక్కపోయుంటే నేను ఆవిడని క్షమించేదాన్నా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆవిడది సరైన పనే, నేను పడిపోతే మిగతా పదకొండు మందికి మనిషి ఉండదు. కానీ ఆ నిర్ణయం ఒక నర్సు తలుపు దగ్గర నిలబడి తీసుకోవాల్సింది కాదు, అది రోస్టర్ వేసేటప్పుడు తీసుకోవాల్సింది. ఆ రాత్రి నుంచి ప్రతి షిఫ్ట్‌లో ఒకరు గౌను, మాస్క్, గాగుల్స్‌తో తయారై తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేలా మార్చాం. మనిషి వృథా అని మేనేజ్‌మెంట్ వాదించింది. రెండు రోజుల్లో ఆ కుర్చీలో మనిషి మూడుసార్లు లోపలికి పరిగెత్తాల్సి వచ్చింది, ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

అందుకే చేరే ముందు మనుషుల లెక్క అడుగు. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి ఒక నర్సు అన్నది మనం చదువుకున్న లెక్క. ఒకరికి ముగ్గురు, నలుగురు వెంటిలేటర్ పేషెంట్లని ఇస్తున్నారంటే మామూలు రోజుల్లోనే కష్టం, గండం వచ్చినప్పుడు అక్కడ ఎవరూ నిలబడలేరు. బోర్లా పడుకోబెట్టి ఊపిరి ఆడేలా చేయడానికే ఒక మనిషికి నలుగురైదుగురం పట్టాలి, ట్యూబు పట్టుకునేవాళ్ళు ఒకరు, లైన్లు చూసేవాళ్ళు ఒకరు, తిప్పేవాళ్ళు మిగతావాళ్ళు.

ఇంటికి వచ్చే సంగతి. స్క్రబ్స్ ఆస్పత్రిలోనే విప్పి ఆస్పత్రి లాండ్రీకే ఇచ్చేవాళ్ళం, యూనిఫాం ఇంటికి తీసుకెళ్ళలేదు. మీ దగ్గర లాండ్రీ ఉందా లేదా అడుగు, లేకపోతే వేడినీళ్ళు, సర్ఫ్, ఎండ చాలు, ఇంకేమీ అక్కర్లేదు, కానీ ఇంటి బట్టలతో కలపకు, దులపకు. ఆస్పత్రిలో స్నానం చేసి మామూలు బట్టల్లో బయల్దేరేవాళ్ళం. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు, మెట్రో లేవు, సిటీ బస్సులు సెప్టెంబర్ చివరికి గానీ తిరగలేదు. మా ఆయన యాక్టివా మీద దింపేవాడు, చెక్‌పోస్ట్ దగ్గర ఐడీ కార్డు చూపిస్తే పోలీసులు ఆపకుండా పంపేవాళ్ళు, ఒక కానిస్టేబుల్ ప్రతి రాత్రీ జాగ్రత్తమ్మా అనేవాడు. ఆరేళ్ళ మా బాబుని మిర్యాలగూడలో అమ్మ దగ్గర పెట్టాను, నాలుగు నెలలు. అది తప్పో ఒప్పో నాకు ఇంకా తేలలేదు. వాడు ఫోన్‌లో మాట్లాడటం మానేశాడు కొన్నాళ్ళు.

2020 మార్చి 22న అందరూ చప్పట్లు కొట్టారు, మే 3న గాంధీ మీద హెలికాప్టర్ నుంచి పూలు చల్లారు, అక్కడ పనిచేసే నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి ఏడ్చింది, సంతోషంతోనే. నాకూ ఆ చప్పట్లు విన్నప్పుడు గొంతు పూడుకుపోయింది. అదే ఏప్రిల్‌లో మా ఇంటి ఓనర్ మెట్లు వాడొద్దని, వీలైతే ఖాళీ చేయమని అడిగాడు, ఆయనకి షుగర్, ఇంట్లో ముసలి తల్లి, ఆయన భయం నాకు అర్థమైంది కానీ రాత్రి పన్నెండు గంటలకి ఎక్కడికి వెళ్తాను. కింది పోర్షన్‌లో ఉండే ఒక టీచరమ్మ మధ్యలో కల్పించుకుని మాట్లాడి ఆపింది, రోజూ మా గుమ్మం ముందు పాల ప్యాకెట్ పెట్టేది. అలాంటి మనిషి ఒక్కరు ప్రతి వీధిలో ఉంటారు, ఇప్పటి నుంచే పరిచయం చేసుకుని ఉంచుకో. చట్టం కూడా తెలుసుకో. 2020 ఏప్రిల్‌లో అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్స్‌తో మార్చారు, సెప్టెంబర్‌లో పార్లమెంటు ఆమోదించింది, వైద్య సిబ్బందిపై దాడి చేస్తే మూడు నెలల నుంచి అయిదేళ్ళ జైలు, తీవ్రంగా గాయపరిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ళు.

డబ్బు సంగతి దాచను. కోవిడ్ డ్యూటీలో చనిపోయిన ఆరోగ్య కార్యకర్తలకి కేంద్రం 50 లక్షల బీమా పెట్టింది, ప్రైవేట్ వాళ్ళలో మాత్రం ప్రభుత్వం కోవిడ్ పనికి తీసుకున్నవాళ్ళకే. అందుకని నీ డ్యూటీ రోస్టర్ ఫోటో తీసి పెట్టుకో, ఎక్కడ, ఏ వార్డులో, ఏ తేదీన చేశావో కాగితం ఉండాలి. నామినీ పేరు మొదటి నెలలోనే రాయించు. జీతం విషయంలో, సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 2016లోనే చెప్పింది, 200 పడకలు దాటిన ప్రైవేట్ ఆస్పత్రిలో నర్సు జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలని, 50 పడకల లోపు చోట కూడా 20,000కి తగ్గకూడదని. నాతో పనిచేసిన అమ్మాయిల్లో చాలామందికి అంత రాలేదు. అడుగు. ఒంటరిగా అడగలేకపోతే నీతో చేరే నలుగురూ కలిసి అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం చేరకు, చూసుకుని తిరిగి ఇచ్చేస్తేనే సంతకం పెట్టు.

మీ అమ్మగారికి ఒక మాట చెప్పు. 2021 రెండో వేవ్ వచ్చేసరికి మాలో ఎక్కువమందికి రెండు డోసులు పూర్తయ్యాయి. పేషెంట్లు అంతకు ముందెప్పుడూ చూడనంత మంది వచ్చారు, అయినా మా నర్సుల్లో ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళు మొదటి ఏడాదితో పోలిస్తే తగ్గారు, మా వార్డులో నేను కళ్ళతో చూసిన లెక్క ఇది. మొదటి ఏడాది మేము మా సీనియర్ ఒకావిడని పోగొట్టుకున్నాం, రిటైర్మెంట్‌కి రెండేళ్ళు ఉంది. ఆవిడ లాకర్‌లో ఇస్త్రీ చేసిన తెల్ల చీర ఒకటి ఉండిపోయింది, వాళ్ళ అమ్మాయి వచ్చి తీసుకెళ్ళింది. భయం లేదని మీ అమ్మగారికి అబద్ధం చెప్పకు. మాకు అప్పుడు తెలియనివి నీకు ఇప్పుడు తెలుసని చెప్పు.

చేరిన మొదటి వారంలోనే స్టోర్‌కి వెళ్ళి ఉన్న ఎన్95 రకాలన్నీ వేసుకుని చూడు. రెండు చేతులూ చుట్టూ మూసి ఊపిరి వదులు. ఎక్కడా గాలి కారని దాని మోడల్ నంబర్, సైజు రాసుకుని ఐడీ కార్డు వెనకాల అంటించుకో. నాది 2020 జూలైలో రాసింది, సిరా వెలిసిపోతే మొన్న మళ్ళీ దిద్దుకున్నాను.